స్ట్రాస్‌బర్గ్ లైను మీద ఒక ఏడాది: ఫొటో విభాగం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన విభాగం పని దాదాపుగా ఒకే లైను చుట్టూ తిరిగింది. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీలో, ఈస్ట్ స్ట్రాస్‌బర్గ్ నుంచి లీమన్ ప్లేస్ దాకా నాలుగున్నర మైళ్ల స్ట్రాస్‌బర్గ్ రైల్ రోడ్ అది. వసంతంలో ఒకసారి, ఆకులు రాలే కాలంలో మరోసారి వెళ్లాం. చలికాలంలో ఆ ఫొటోలన్నీ ముందేసుకుని తప్పులు ఏరాం. 1832లో చార్టర్ (ప్రభుత్వ అనుమతి పత్రం) పొందిన ఈ లైను మూతపడబోతుంటే 1958లో కొందరు అభిమానులు కొన్నారు. మరుసటి ఏడాదే ప్రయాణికుల బండ్లు మొదలయ్యాయి, 1960లో ఆవిరి ఇంజిన్ వచ్చింది.

నాలుగున్నర మైళ్లలో ఏముంటుందని అడిగినవారున్నారు. మేలంతా అందులోనే ఉంది. వెళ్లిరావడానికి సుమారు ముప్పావుగంట. అదే బండి అదే రోజు మళ్లీ మళ్లీ వస్తుంది. కాబట్టి కారేసుకుని బండి వెంట పడొద్దు. ఒక చోటు చూసుకుని ట్రిప్పుకో ఫ్రేము చొప్పున తీయండి. మొదటి ట్రిప్పు మొత్తం ఖాళీ చేతులతో చూసినా నష్టం లేదు.

చివరి స్టేషన్‌లో ఇంజిన్‌ను తిప్పరు. విడదీసి, పక్క పట్టాల మీదుగా అవతలి కొసకు తెచ్చి తగిలిస్తారు. అందుకే ఒక దిశలో ఇంజిన్ ముఖం ముందుంటే, తిరుగు దిశలో టెండర్ (ఇంజిన్‌కు బొగ్గు, నీళ్లు మోసే పెట్టె) ముందుంటుంది. ముఖం కనబడే ట్రిప్పుకు ఎండ ఎటునుంచి పడుతుందో ముందే లెక్కేసుకోవాలి. వేసవి మధ్యాహ్నం నడినెత్తిన ఎండలో చక్రాలు, రాడ్లు నల్లటి ముద్దలా వస్తాయి. అక్టోబర్ సగం దాటాక ఎండ వాలుతుంది, చక్రాల మధ్యకు వెలుగు దూరుతుంది. పైగా చల్లగాలికి ఆవిరి తెల్లగా, చిక్కగా కనిపిస్తుంది. ఏడాదిలో ఒక్కసారే వెళ్లగలిగితే అప్పుడే వెళ్లండి.

చెడిపోయిన ఫొటోల్లో ఎక్కువ భాగం ఎక్స్‌పోజర్ (ఫొటోలోకి తీసుకునే వెలుగు పరిమాణం) దగ్గరే చెడ్డాయి. నల్ల ఇంజిన్ ఫ్రేము నిండగానే కెమెరా చీకటనుకుని వెలుగు పెంచేస్తుంది. ఇంజిన్ బూడిద రంగుకు తిరుగుతుంది, ఆవిరి సున్నం కొట్టినట్టు తెల్లబోయి వివరం పోతుంది. బండి రాకముందే ఎండలో ఉన్న గడ్డి మీద వెలుగు కొలిచి మాన్యువల్‌లో పెట్టేయండి. అక్కణ్ణుంచి ఒక స్టాపులో (వెలుగు సగమయ్యే లేదా రెట్టింపయ్యే మెట్టు) మూడింట రెండు వంతులు తగ్గించి, రా ఫైల్‌లోనే (కెమెరా కుదించని ముడి ఫైలు) తీయండి. నీడలను తర్వాత లేపుకోవచ్చు. తెల్లబోయిన ఆవిరిని మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు.

ఎదురుగా ఏటవాలుగా వచ్చే బండికి సెకనులో 500వ వంతు షట్టర్ సరిపోయింది. పక్కనుంచి కెమెరా తిప్పుతూ తీసేటప్పుడు 60వ వంతుతో మొదలుపెట్టండి. షట్టర్ పడగానే చెయ్యి ఆపేస్తే ఇంజిన్ కూడా అలుక్కుపోతుంది, కాబట్టి నొక్కాక కూడా తిప్పుతూనే ఉండాలి. చక్రాలను కలిపే సైడ్ రాడ్ కిందికి దిగిన క్షణం అందితే ఇంజిన్ నిండుగా కనబడుతుంది. దానికి వరసగా ఏడెనిమిది ఫ్రేములు కొట్టి ఒకటి ఏరుకోవడమే దారి. 24 ఎంఎం లెన్స్‌తో దగ్గరగా వెళ్తే అంచుల్లోని చక్రాలు కోడిగుడ్లవుతాయి. 50 నుంచి 85 మధ్య మేలు. 200 దాటితే వేసవిలో పొలాల మీది వేడిగాలికి నంబరు ప్లేటు అలల్లాడుతుంది.

అసలు మన ఆల్బంలో కొరత ప్రయాణికుల రైలు పెట్టెలది. అందరూ ఇంజిన్ వెంటే పడ్డారు. ఇక్కడి చెక్క పెట్టెల కప్పు మధ్యలో ఎత్తుగా లేచి, దాని పక్కల చిన్న కిటికీల వరస ఉంటుంది. లోపల వార్నిష్ చెక్కకూ బయటి ఎండకూ నాలుగైదు స్టాపుల తేడా. రెండేసి స్టాపుల ఎడంతో మూడు ఫ్రేములు తీసి కలుపుకోవాలి. నడవలో ట్రైపాడ్ వద్దు, సీటు వీపుకు కెమెరా ఆనించండి. బయటినుంచి ముదురు ఎరుపు పెయింటు మీది మెరుపు తగ్గాలంటే పోలరైజర్ ఫిల్టరు వేయండి. ఒకటిన్నర, రెండు స్టాపుల వెలుగు మింగేస్తుందని గుర్తుంచుకుని ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే తీరు) పెంచుకోండి.

గూడూరు, కాజీపేట జంక్షన్లలో కంట్లో బొగ్గు నుసి పడ్డ తరానికి చెప్పక్కర్లేదు, తక్కినవారికి చెప్పాలి: కిటికీ తెరిచి లెన్స్ మార్చొద్దు. లెన్స్ అద్దం మీద నుసి పడితే గుడ్డతో తుడవొద్దు, గీతలు పడతాయి. రబ్బరు బ్లోయర్‌తో ఊదేయండి. చలిలోంచి వెచ్చని పెట్టెలోకి ఎక్కేముందు కెమెరాను జిప్ సంచిలో మూసిపెడితే తేమ సంచి మీదే పడుతుంది.

పట్టాలకు 15 అడుగుల లోపల ఎవరూ నిలబడరాదన్నది మన విభాగం నియమం. పొలాలు రైతుల సొంతం, గట్టు దాటొద్దు. క్రాసింగ్ దగ్గర ఆగిన ఆమిష్‌ల (పాత పద్ధతుల్లో బతికే ఒక క్రైస్తవ సమాజం) గుర్రబ్బండి ఫ్రేములో అందంగానే ఉంటుంది. కానీ ముఖాలు ఫొటో తీయించుకోవడం వారికి సమ్మతం కాదు. గుర్రబ్బండి వెనకనుంచి, దూరంగా తీసినవే ఆల్బంలోకి తీసుకున్నాం. రెండు పొడవు, ఒక పొట్టి, మళ్లీ ఒక పొడవు కూత వినబడిందంటే బండి క్రాసింగ్‌కు వస్తున్నట్టే. కెమెరా అప్పటికే కంటికి ఉండాలి.

ఫైళ్ల పేర్లలో ఇంజిన్ నంబర్లు తారుమారయ్యాయి. నంబరు కనబడకపోతే ఒక పక్కనున్న పెద్ద చక్రాలు లెక్కపెట్టండి. మూడుంటే 1910 నాటి 89, నాలుగుండి వాటి ముందు రెండు చిన్నవుంటే 1906 నాటి 475, ఐదుంటే 1924లో బాల్డ్విన్ చేసిన 90. ఈ 90 ఒకప్పుడు కొలరాడోలో చక్కెర దుంపలు మోసింది. పేరు పెట్టేటప్పుడు ముందు తేదీ, తర్వాత ఇంజిన్ నంబరు, ఆపైన చోటు రాయండి. పెట్టెల ఫొటోలకు పెట్టె పేరు కూడా చేర్చండి. పాత ఫైళ్లను ఈ పద్ధతిలోకి మార్చే పని సగంలో ఉంది. 89, 90 కలిసిపోయిన ఫోల్డరును ముందుగా పట్టుకుంటున్నాం.