పేరుతో దొరకలేదు, నంబరుతో దొరికాడు

సంపాదకులకు,

మాది పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం. మిలిటరీ మాధవరం అంటే చాలామందికి తెలుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వెళ్లిన మా పెదతాతయ్య తిరిగి రాలేదు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైట్‌లో పేరుతో ఎంత వెతికినా దొరకలేదు. ఇంగ్లీషులో మన ఇంటిపేర్లను ఎవరికి తోచినట్టు వాళ్లు రాశారు మరి.

నాయనమ్మ పసుపు గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో దాచిన పతకం మొన్న బయటపడింది. అంచు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే సర్వీసు నంబరు తేలింది. దాంతోనే ఆయన దొరికాడు. తౌక్యాన్‌లోని రంగూన్ స్మారకంపై సుమారు 27,000 పేర్లలో ఆయనదీ ఉంది. ఒళ్లు జలదరించింది.

మీ ఇళ్లలోనూ పాత పతకాలు, మనియార్డరు రసీదులు ఉంటే దయచేసి పాత సామాన్ల వాళ్లకు అమ్మకండి. ముందు ఆ నంబరు రాసిపెట్టుకోండి.

- ఒక మనవడు, మాధవరం