పలమనేరు రోడ్డులో రాత్రి వేగానికి కళ్లెం వేయాలి

సంపాదకులకు,

బెంగళూరులో ఉద్యోగాలు చేసుకునే మా చిత్తూరు జిల్లా వాళ్లం శుక్రవారం ఆఫీసు ముగించుకుని, కృష్ణరాజపురం ట్రాఫిక్ నుంచి బయటపడి, కోలారు, ముళబాగిలు మీదుగా పలమనేరు చేరేసరికి రాత్రి పది దాటుతుంది. అక్కడి నుంచి మొగిలి ఘాట్ వైపు వెళ్తే కౌండిన్య అభయారణ్యం పరిసరాలు. ఏనుగులు మేతకు, నీళ్లకు కదిలేదీ రాత్రివేళే. 2023 జూన్‌లో పలమనేరు మండలం భూతలబండ వద్ద కూరగాయల లోడుతో వెళ్తున్న వాహనం ఢీకొని మూడు ఏనుగులు చనిపోయిన సంగతి మీ పాఠకులు మరచిపోయి ఉండరు.

గత నెల అదే దారిలో నా కారుకు అడవిపంది అడ్డం వచ్చింది. అప్పుడు నేను గంటకు డెబ్బై కిలోమీటర్ల వేగంలో ఉన్నాను. హెడ్‌లైటు పగిలింది, పంది పొదల్లోకి పోయింది, బతికిందో లేదో తెలియదు. మర్నాడు మెకానిక్ బంపరు పగులులో ఇరుక్కున్న నల్లటి బిరుసు వెంట్రుకలను కటింగ్ ప్లేయరుతో లాగుతూ, ‘పంది కాబట్టి సరిపోయింది సార్’ అన్నాడు.

గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. డిమ్ లైటులో నలభై, యాభై మీటర్లకు మించి స్పష్టంగా కనిపించదు కనుక, కాలు బ్రేకు మీద పడేసరికే అందులో సగం దూరం అయిపోతుంది. పైగా ఏనుగు నల్లని ఒళ్లు చీకట్లో కలిసిపోతుంది. ‘ఏనుగులు తిరుగు ప్రాంతం’ అన్న బోర్డు చూసి వేగం తగ్గించే డ్రైవరును, నాతో సహా, నేనింతవరకూ చూడలేదు.

కర్ణాటకలోని బందీపూర్ అడవిలో 2009 నుంచి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను ఆపుతున్నారు. ఇక్కడ అది కుదరదు. ఈ ప్రాంతపు టమాటా లారీలు తెల్లవారేలోపు చెన్నైలోని కోయంబేడు మార్కెట్‌కు చేరకపోతే రైతుకు ధర రాదు. కాబట్టి రోడ్డు మూయమని కాదు, అడవి పొడవునా రాత్రిపూట వేగానికి పరిమితి పెట్టి, రెండు చివర్లా కెమెరాలుంచి, మధ్య దూరాన్ని మరీ తొందరగా దాటిన వాహనాలకు చలానా పంపమని కోరుతున్నాను. మంద రోడ్డు దగ్గరికి వచ్చిందని అటవీ సిబ్బందికి తెలిసిన వెంటనే ఆ కబురు పోలీసులకూ, టోల్‌గేటుకూ చేరాలి. 2025 మేలో కర్ణాటక నాలుగు కుంకీలను, అంటే అడవి ఏనుగులను మళ్లించేందుకు శిక్షణ పొందిన ఏనుగులను, ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చింది, సంతోషమే. అయితే కుంకీలు ఏనుగులను పొలాల నుంచి మళ్లిస్తాయి గానీ లారీలను ఆపలేవు కదా.

ఇప్పుడు బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే కూడా పలమనేరు ప్రాంతం మీదుగానే వస్తోంది. మహారాష్ట్రలోని పెంచ్ అడవిలో నాగపూర్ దారి కింద నుంచి వన్యప్రాణులు దాటేందుకు తొమ్మిది కట్టడాలు వేశారు. మన దగ్గర అలాంటివి ఎన్ని, ఎక్కడెక్కడ, ఏనుగు పట్టేంత ఎత్తున ఉన్నాయా అన్నది రోడ్డు తెరవకముందే అధికారులు ప్రజలకు చెప్పాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రామమూర్తినగర్, బెంగళూరు