ఇంటి రక్షణ తుపాకికి ఫుల్ చోక్ దేనికి?

సంపాదకుల వారికి,

ఆత్మరక్షణకని లైసెన్సు తీసుకుని 12 బోర్ తుపాకి (ఒక్క తూటాతో బోలెడు సీసపు గుళ్లు విసిరేది) కొనేవాళ్లు విశాఖలో మరీ ఎక్కువ మంది ఉండరు. ఉన్నవాళ్లలో చాలామంది దుకాణంలో అడిగేది ఒకటే: బ్యారెల్ పొడుగ్గా ఉండాలి, ఫుల్ చోక్ కావాలి. పొడుగైతే దెబ్బ గట్టిగా పడుతుందని, ఫుల్ చోక్ అయితే గురి తప్పదని నమ్మకం. నాలుగు గోడల మధ్య వాడే తుపాకికి ఈ రెండూ పనికిరావు.

చోక్ అంటే బ్యారెల్ మూతి దగ్గర చివరి రెండు మూడంగుళాల్లో లోపలి వ్యాసాన్ని కాస్త బిగించడం. 12 బోర్ లోపలి వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. ఫుల్ చోక్‌లో మూతి అంతకన్నా ఒక మిల్లీమీటరు సన్నం, హాఫ్‌లో అర, క్వార్టర్‌లో పావు. సిలిండర్ అంటే అసలు బిగింపే లేదు. దీని ఫలితాన్ని కొలిచే దూరం 40 గజాలు. అక్కడ 30 అంగుళాల వలయం గీసి చూస్తే సిలిండర్ నుంచి వెళ్లిన రవ్వల్లో, అంటే చిన్న గుళ్లలో, దాదాపు 40 శాతం అందులో పడతాయి, హాఫ్‌కు 60, ఫుల్‌కు 70. ఎగిరే పిట్టను కొట్టడానికి పుట్టిన లెక్క ఇది. ఆ వేటను చట్టం ఎప్పుడో ఆపేసింది, ఫుల్ చోక్ మోజు మాత్రం ఆగలేదు.

ఎంవీపీ కాలనీ ఫ్లాట్‌లోనో మధురవాడ ఇంట్లోనో 40 గజాలు ఎక్కడివి? హాలు ఈ మూల నుంచి ఆ మూలకు ఇరవై అడుగులుంటే గొప్ప. వీధి గుమ్మం నుంచి పడకగది తలుపు దాకా పదిహేను అడుగులు అనుకుందాం, అంటే ఐదు గజాలు. సిలిండర్ నుంచి వచ్చిన గుళ్లు గజానికి అంగుళం చొప్పున విచ్చుకుంటాయని ఒక మోటు లెక్క. ఆ ప్రకారం ఐదారు అంగుళాల మచ్చ పడుతుంది. ఫుల్ చోక్‌కు అందులో సగం. రెండింటిలో ఏదైనా గురి చూడక తప్పదు. అటు తిప్పి పేలిస్తే గది నిండా జల్లు కొడుతుందనేది సినిమాల్లో మాట.

మరి సిలిండర్ గానీ క్వార్టర్ గానీ ఎందుకు మేలంటే, పెద్ద గుళ్ల వల్ల. పెద్ద గుళ్ల తూటాల్లో ఎస్‌జీ రకం గుండు వ్యాసం 8.4 మిల్లీమీటర్లు, ఎల్‌జీ రకానిది ఇంకాస్త పెద్దది. మెత్తటి సీసపు గుళ్లు ఇరుకు మూతిలోంచి ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ రావడంతో నొక్కుకుపోయి, ఒకటో రెండో గుంపు విడిచి పక్కకు పోతాయి. పక్కకు పోయిన గుండు ఎవరి గదిలోకి వెళుతుందో చెప్పలేం. ఒంటి గుండు తూటాల సంగతి ఇంకా ప్రమాదం. బోర్‌కు సరిపడా లావున్న గుండును ఫుల్ చోక్ బ్యారెల్‌లో పేలిస్తే మూతి దగ్గర ఉబ్బవచ్చు, పగలవచ్చు కూడా.

డబుల్ బ్యారెల్ ఉన్నవాళ్లు కొత్తది కొనక్కర్లేదు. సాధారణంగా కుడి బ్యారెల్‌కు వదులు చోక్, ఎడమకు ఫుల్ ఉంటాయి. రెండు ట్రిగ్గర్లున్న తుపాకిలో ముందుది కుడి బ్యారెల్‌ది, వెనకది ఎడమది. ఇంట్లో వేలు పోవాల్సింది ముందు ట్రిగ్గర్ మీదికే. యూరప్ తుపాకుల మీద ఒక నక్షత్రం ఉంటే ఫుల్, మూడుంటే హాఫ్, నాలుగుంటే క్వార్టర్, సీఎల్ అని ఉంటే సిలిండర్. పాత తుపాకిలో గుర్తును నమ్మకండి. ఎప్పుడో లోపల అరగదీసి ఉండొచ్చు. మూతిలో రూపాయి బిళ్ల పెట్టి చూసే పరీక్ష కూడా దండగ. బ్యారెల్ లోపల, మూతి దగ్గర రెండు చోట్లా లోపలి వ్యాసం కొలిచే బోర్ గేజ్‌తో కొలిపించి తేడా చూస్తేనే చోక్ తెలిసేది.

బ్యారెల్ పొడుగు విషయానికొస్తే, 20 నుంచి 24 అంగుళాలు చాలు. అంతకు మించి పెరిగే ప్రతి అంగుళానికీ వేగం సెకనుకు ఐదు నుంచి పది అడుగులే పెరుగుతుంది. సుమారు 1,200 అడుగుల వేగంలో అదొక లెక్క కాదు. గుమ్మం దగ్గర మాత్రం పొడుగు ఇబ్బంది పెడుతుంది. 28 అంగుళాల డబుల్ బ్యారెల్ మొత్తం పొడవు 45 అంగుళాలకు అటూ ఇటూ, మన తలుపు వెడల్పేమో 36. తిరగబోతే చట్రానికి తగులుతుంది, మనిషి కంటే ముందు మూతి గదిలోకి వెళ్లి అవతలివాడి చేతికి అందుతుంది. ముందు పిడిని వెనక్కీ ముందుకూ లాగి తూటా ఎక్కించే పంప్ యాక్షన్ తుపాకికి మధ్యలో ఆ యంత్రం ఉండే పెట్టె ఉండటంతో అదే బ్యారెల్‌కు మొత్తం పొడవు ఇంకో మూడు నాలుగు అంగుళాలు పెరుగుతుంది. కొనేటప్పుడు బ్యారెల్ పొడుగొక్కటే చూడొద్దు, టేపుతో మొత్తం కొలవండి.

పొడుగైందని కోయించే ఆలోచన వద్దు. 1959 ఆయుధ చట్టం 6వ సెక్షన్ ప్రకారం అందుకు వేరే లైసెన్సు కావాలి. అది లేకుండా కోస్తే 2019 సవరణ తర్వాత శిక్ష కనీసం ఏడేళ్ల జైలు. పైగా చోక్ ఉండేది కోసేసే ముక్కలోనే, గురిచూసే పూస పోయేది దాంతోనే, డబుల్ బ్యారెల్‌కైతే రెండు బ్యారెళ్లను కలిపే మధ్య పట్టీ టంకం కూడా ఊడుతుంది.

తాతల నాటి ఇంగ్లీషు తుపాకులు ఉన్నవాళ్లు చోక్ కంటే ముందు చాంబర్, అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు, కొలిపించాలి. చాలావాటికి అది రెండున్నర అంగుళాలు, అంటే సుమారు 65 మిల్లీమీటర్లు. 70 మిల్లీమీటర్ల తూటా అందులో హాయిగా దూరుతుంది, మోసం అక్కడే. తూటా మీద రాసిన పొడవు పేలి మూతి విచ్చుకున్న తర్వాతది. విచ్చుకునే చోటు లేక తూటా గొట్టం అంచు బ్యారెల్ దారిలోకి చొచ్చుకొస్తుంది, లోపలి ఒత్తిడి అమాంతం పెరుగుతుంది. మెలికల చారలు కనిపించే డమాస్కస్ బ్యారెల్ అయితే ఈనాటి తూటా అసలు పెట్టొద్దు.

గోడల మాట. తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఎస్‌జీని ఆపుతుంది. ఫ్లష్ డోరు, ప్లైవుడ్ పార్టిషన్, కిటికీ అద్దం ఆపవు. ఫ్లాట్‌లో ఉండేవారు ఏ తలుపు వెనక పిల్లలు పడుకుంటారో, ఏ కిటికీకి ఎదురుగా పక్కింటి బాల్కనీ ఉందో పగటిపూటే చూసి పెట్టుకోవాలి.

సముద్రపు గాలికి మన ఊళ్లో ఇనుము ఎలా తినేస్తుందో చెప్పనక్కర్లేదు. మరతో బిగించే విడి చోక్ గొట్టం ఉన్న తుపాకి అయితే దాన్ని నెలకోసారి విప్పి, మరలు తుడిచి, పలుచగా గ్రీజు రాసి మళ్లీ పూర్తిగా బిగించాలి. వదులుగా ఉన్నది పేల్చినప్పుడు చెడుతుంది, గొట్టం లేకుండా పేలిస్తే బ్యారెల్ మరలే పోతాయి. తోలు సంచిలో తుపాకి నిలవ ఉంచితే తేమ పట్టి ఉంచుతుంది. మూల నిలబెట్టిన తుపాకిలో కందిరీగ మట్టిగూడు కట్టిన సంగతి బయటినుంచి తెలియదు. తూటా పెట్టేముందు తుపాకిని మడత దగ్గర తెరిచి, బ్యారెల్‌ను వెలుతురుకు పెట్టి ఆ చివర నుంచి ఈ చివరకు చూడాలి. తూటాలు వేరే పెట్టెలో తాళం వేసి ఉంచాలి. ఉబ్బినవి, ఇత్తడికి ఆకుపచ్చ చిలుము పట్టినవి పక్కన పెట్టాలి.

ఇంత చెప్పినా, ఫలానా బ్యారెల్ ఫలానా తూటాను ఎలా విసురుతుందో కాగితం మీద కాల్చి చూస్తేనే ఖాయంగా తెలుస్తుంది. 2016 ఆయుధ నిబంధనలు లైసెన్సుకు శిక్షణ ధ్రువపత్రం అడుగుతున్నాయి. ఆ శిక్షణలో ఈ పరీక్ష కూడా చేర్చాలని, నగర పోలీసు రేంజిలో నెలకో పూట 12 బోర్ లైసెన్సుదారులకు రుసుము తీసుకుని అవకాశమివ్వాలని కమిషనర్ గారికి మీ పత్రిక ద్వారా మనవి. నాలుగడుగుల చదరపు కాగితం, ఐదు గజాలు, పది గజాలు, ఒక్కో దూరానికి ఒక్కో బ్యారెల్ నుంచి మూడేసి తూటాలు. మనిషికి అరగంట కూడా పట్టదు.

— ఒక పాఠకుడు, విశాఖపట్నం