ఆదివారం క్రైమ్ కథల కూడిక: అందరూ చూడండి

అందరికీ నమస్కారమండీ.
ఈ ఆదివారం సాయంత్రం 5కి విజయవాడ రాజీవ్ గాంధీ పార్కు గేటు దగ్గర కలుద్దాం. ఈసారి అంశం మనుషుల అక్రమ రవాణా, వెట్టిచాకిరీ. కథ చదవడానికి ఒక్కొక్కరికి పది నిమిషాలే!

పోయినసారి అందరి కథల్లోనూ మనుషుల్ని ఎత్తుకుపోయే నల్ల వ్యానే వచ్చింది. వ్యాను వద్దండీ బాబూ. నిజంలో అయితే తెలిసిన మేస్త్రీ నవ్వుతూ వచ్చి, ఇటుక బట్టీలో పనని చెప్పి అడ్వాన్సు చేతిలో పెడతాడు. ఆ బాకీ ఎన్నేళ్లు చేసినా తీరదు. అసలు భయం అక్కడుంది. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఆ బాకీని కూడా రద్దు చేసింది. వెట్టి నుంచి విడుదలైనట్టు పత్రం ఇవ్వాల్సింది కలెక్టరో ఆర్డీవోనో, మీ హీరో ఎస్సై కాదు!

నిజం కేసు వాడుకుంటే బాధితుల పేర్లు, ఊళ్లు మార్చండి.
రానివాళ్లు శుక్రవారం లోపు చెప్పండి, టీల లెక్క నాదే.
పిల్లలు కనిపించే చోటు కాబట్టి గొంతు కాస్త తగ్గించి చదువుదాం.