హైవే మీద కారు ఆగితే, వెనక ఎర్ర సిగ్నల్ ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

డ్రైవర్ చెయ్యి పెట్టకుండానే కార్లు నడిచే హైవేల గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. కాజీపేటలో ముప్పై ఏళ్లకు పైగా రైలింజన్ నడిపి రిటైరయ్యాను.

1889 జూన్‌లో ఐర్లండ్‌లోని ఆర్మా దగ్గర పిల్లలతో వెళ్తున్న రైలు చడావు ఎక్కలేక ఆగింది. ముందు భాగాన్ని విడదీసి తీసుకెళ్దామనుకున్నారు. పెట్టెలను కలిపే బ్రేకు పైపు ఊడగానే వెనక పెట్టెల బ్రేకులు పోయాయి. అవి వెనక్కి జారి, వస్తున్న రైలును గుద్దాయి. 80 మంది పోయారు. పైపు ఊడితే దానంతటదే పడే బ్రేకు అప్పటికే ఉంది. బ్రిటన్‌లో దాన్ని తప్పనిసరి చేసిన చట్టం మాత్రం ఆ ప్రమాదం తర్వాతే వచ్చింది. మా పాత సిగ్నళ్లూ అంతే, తీగ తెగితే పైకి లేచిన రెక్క తన బరువుకే వాలి 'ఆగు' అని చూపేది. ఏది చెడినా బండి ఆగిపోవాలన్నదే రైలు పద్ధతి. అయితే రైలు ఆగితే దాని వెనక సిగ్నల్ ఎర్రగా ఉంటుంది. సెన్సర్ చెడి హైవే మధ్యలో ఆగిన కారు వెనక ఏముంటుంది?

'అవసరమైతే మనిషి స్టీరింగ్ అందుకుంటాడు' అని రాశారు. మా ఇంజన్‌లో డ్రైవర్ నిమిషంపాటు ఏదీ ముట్టకపోతే లైటు వెలుగుతుంది, తర్వాత బజర్ మోగుతుంది, అప్పటికీ బటన్ నొక్కకపోతే బండి ఆగిపోతుంది. ఓసారి తెల్లవారుజామున మూడింటికి బొగ్గు బండితో గోదావరి బ్రిడ్జి దాటి మంచిర్యాల వైపు వెళ్తున్నాను. బజర్ మోగింది, నా చెయ్యి బటన్ నొక్కింది. కానీ అప్పుడే దాటిన సిగ్నల్ పచ్చో పసుపో ఎంతకీ గుర్తు రాలేదు. అసిస్టెంట్ 'గ్రీన్ సార్' అనేదాకా నా గుండె నా దగ్గర లేదు. పని మీదున్న నాకే అలా అయితే, గంటసేపు ఫోన్ చూసుకుంటూ కూర్చున్నవాడు క్షణంలో స్టీరింగ్ పట్టుకుంటాడంటే నమ్మలేను.

1997లో అమెరికాలో, శాన్ డియాగో దగ్గర ఐ-15 రోడ్డులో అయస్కాంతాలు పాతి, వాటి ఆధారంగా డ్రైవర్ చెయ్యి పెట్టకుండానే కార్లను బారుగా నడిపించారు. వేరే బండి రాని లేన్‌లో. మరుసటేడే ఆ పథకం ఆగింది. మన దగ్గర యాసంగి కోతలకు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, రాత్రయితే చుట్టూ రాళ్లు పేరుస్తారు. రాంగ్ రూట్‌లో బైకులు సరేసరి.

సొంత పట్టాలున్న రైలుకే, రైళ్లు గుద్దుకోకుండా బ్రేకు వేసే 'కవచ్' వ్యవస్థను లింగంపల్లి–వికారాబాద్ వైపు ఏళ్ల తరబడి పరీక్షించారు. హైవేకూ ముందు విడి లేన్ కట్టి అలాగే పరీక్షించాలి. విఫలమైన సందర్భాలతో సహా ఫలితాలు జనానికి చూపించాలని కోరుతున్నాను.

– ఒక రిటైర్డ్ లోకో పైలట్, కాజీపేట