ఇకపై మా బిల్లులో కారణం కూడా ఉంటుంది

మా ఖాతాదారులకు నమస్కారం. నల్లగొండలో ప్లంబింగ్, కరెంటు పనులు చేసే మా దుకాణంలో ఒక పద్ధతి మారుతోంది. అది చెప్పేముందు నా తప్పొకటి ఒప్పుకోవాలి.

పోయిన వేసవిలో రామగిరిలో ఒక ఇల్లు ఖాళీ అయింది. బాత్రూం గోడ చెమ్మ పట్టి పెచ్చులూడుతోంది. అద్దెకున్నవాళ్లే పాడుచేశారని, ఖర్చెంతో చీటీ రాసిమ్మని ఇంటి యజమాని అడిగారు. పాత గిరాకీ, కాదనలేకపోయాను. గోడ తట్టయినా చూడకుండా ‘వాడకం సరిగా లేక’ అని రాసిచ్చాను. ఆ చీటీ చూపించి అడ్వాన్సులో ఎనిమిది వేలు పట్టుకున్నారు. వారం తర్వాత గోడ పగలగొడితే లోపల పాత ఇనుప పైపు, ఎల్బో (పైపు మలుపు ముక్క) దగ్గర తుప్పు తినేసి కారుతోంది. ఆ కుటుంబం వచ్చి రెండేళ్లే. పైపు వయసు ఇరవైకి తక్కువ ఉండదు. యజమానికి తుప్పు ముక్క చేతిలో పెట్టి చూపించాను. కాస్త గొణిగినా డబ్బు తిరిగిచ్చారు. అద్దెకున్న అమ్మగారికి ఫోను చేసి తప్పయిందన్నాను. ‘సరే అన్నా’ అని పెట్టేశారు. తిట్టి ఉంటే నయంగా ఉండేది.

ఒప్పందంలో వేరే షరతు లేకపోతే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం అద్దెదారు ఇల్లు తీసుకున్నప్పటి స్థితిలోనే అప్పగించాలి. వాడకంతో సహజంగా వచ్చే అరుగుదల మాత్రం దీని కిందికి రాదు. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం ఇంకా విడమరిచింది: గోడలకు సున్నం, పైపుల మార్పిడి, వైరింగ్ యజమానివి, నల్లా వాషర్లు, స్విచ్చులు, తాళాలు, పగిలిన కిటికీ అద్దాలు అద్దెదారువి. రాష్ట్రాలు స్వీకరిస్తేనే అది అమలవుతుంది కానీ, మాటామాటా వచ్చినచోట చూపించడానికి పనికొస్తుంది.

అందులో గీజరు మరమ్మతు కూడా అద్దెదారుకే వేశారు. మన ఊరికి ఇది అతకదని నా అభిప్రాయం. ఇక్కడి బోరు నీళ్లకు కాయిల్ మీద తెల్లటి ఉప్పు పెంకులా పేరుకుంటుంది. ఎంత జాగ్రత్తగా వాడినా అంతే. ఆ బోరు అద్దెదారు వేయించింది కాదు కదా.

ఈ నెల నుంచి పనికి ముందూ తర్వాతా ఫొటోలు తీస్తాం. పాడైన కారణం కళ్లతో చూశాకే బిల్లులో రాస్తాం, ఒక ప్రతి యజమానికి, ఒకటి అద్దెదారుకు. ఎవరు కట్టాలో మేం రాయం. అడ్వాన్సులో కోయడానికి పెంచి రాయమంటే, ఎంత పాతవారైనా, కుదరదు. ఇద్దరు ముగ్గురు ఇప్పటికే వేరే మేస్త్రీని చూసుకున్నారు.

వచ్చి చూసినందుకు 200 రూపాయలు, పని మాకే ఇస్తే అది బిల్లులో తగ్గిస్తాం. ఖాళీ చేసే ఇల్లయితే సామాను ఎత్తకముందే, ఇరువైపులవారూ ఉన్నప్పుడు పిలవండి. గోడ కొట్టాల్సి వస్తే ముందే అడుగుతాం, తిరిగి పూత వేయడానికి అయ్యేది వేరు.