పెట్టె అందింది, బుజ్జీ

తెనాలి,
ఆదివారం పొద్దున.

చిరంజీవి బుజ్జికి అమ్మ ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

బుధవారం సాయంత్రం కార్గో ఆఫీసు నుంచి ఫోనొస్తే నాన్న వెళ్ళి నువ్వు హాస్టల్ నుంచి పంపిన పెట్టె తెచ్చారు. లెక్కపెట్టాను, 17 పుస్తకాలు. చీటీ ఏమైనా పెట్టావేమోనని అడుగుదాకా వెతికాను, లేదు. సరేలే, ఇంటర్నల్స్ హడావిడిలో మర్చిపోయి ఉంటావు.

ముందు ఒక మాట చెప్పేస్తాను, తర్వాత మర్చిపోతాను. పుస్తకాలు సర్దేటప్పుడు వెన్ను పైకి, తెరుచుకునే అంచు కిందికి పెట్టకూడదమ్మా. అట్ట నేలకి ఆనుతుంది కానీ లోపలి కాగితాల దొంతర గాల్లో వేలాడుతుంది. బస్సు కుదుపులకి ఆ బరువంతా కుట్టుని లాగేస్తుంది. గట్టి అట్టవి రెండూ అలాగే ఊడొచ్చాయి. ఈసారి పడుకోబెట్టి సర్దు. పెద్దవి కింద పెట్టి, సందుల్లో పాత పేపరు ఉండలు చుట్టి కూరు. పైనున్న నాలుగింటికీ చెమ్మ తగిలింది. నాన్న ఎండలో పరచబోతే వద్దన్నాను. ఎండకి అట్ట వంకర తిరుగుతుంది, కాగితం పెళుసెక్కుతుంది. 20 పేజీలకొక తెల్ల కాగితం చొప్పున పెట్టి, ఫ్యాను కింద నిలబెట్టి, పూటపూటకీ ఆ కాగితాలు మారుస్తూ వచ్చాను. శుక్రవారానికి ఆరాయి. ఊడినవాటికి మైదా జిగురు ఉడికించి, చిటికెడు మైలుతుత్తం కలిపి అతికించాను. తుత్తం లేకపోతే ఆ మైదా కోసమే పురుగు చేరుతుంది.

అతికిస్తుంటే ఒకదాంట్లో 64వ పేజీ దగ్గర సిటీ బస్సు టికెట్టు కనిపించింది. తియ్యలేదు, అక్కడే ఉంచాను.

మునగచెట్టు ఈసారి విరగకాసింది. పెద్దత్త మోకాలు కాస్త నయం. వాళ్ళ చిన్నోడు మొన్న వచ్చి వెళ్ళాడు. నేనేమీ అడగలేదు, వాడే అన్నాడు. నీ పక్కగది అమ్మాయి వాడి స్నేహితుడికి అక్కట. బుజ్జక్క ఇప్పుడు పుస్తకం ముట్టుకోవట్లేదు, చదివినా ఎక్కట్లేదంటోంది, రాత్రి రెండింటిదాకా ఫోను వెలుగుతూనే ఉంటుంది అని. వాడి మాటల్లో సగం తీసేయాలని నాకూ తెలుసు. కానీ మూడు వారాలుగా నువ్వు "బాగానే ఉన్నానమ్మా, తర్వాత చేస్తా" అని తప్ప ఇంకో మాట అనలేదు. అందుకని కాగితం తీశాను. కోపమేమీ లేదు.

"ఎక్కట్లేదు" అన్న మాట మాత్రం నన్ను వదలట్లేదు. చదవాలని లేకపోవడం వేరు, చదువుదామని కూర్చుంటే ఎక్కకపోవడం వేరు. రెండోదాన్ని చూసి పిల్లలు తమ బుర్రే మొద్దుబారిందనుకుంటారు. కాదు తల్లీ. చదివేటప్పుడు కన్ను వరస మీద సాఫీగా జారదు. గెంతుతుంది, ఒక్కోచోట పావు సెకను ఆగుతుంది, అర్థం తెగితే వెనక్కి వెళ్ళి మళ్ళీ పట్టుకుంటుంది. ఫోన్లో చదివీ చదివీ ఆ అలవాటు మారిపోతుంది. పై రెండు వరసలు చదివి, తక్కినవాటిని అంచు వెంబడి దాటేసి కిందికి పోతాం. ఆ కంటితోనే నవల పట్టుకుంటే మూడో పేజీకి ఏం చదివామో గుర్తుండదు. పోయింది తెలివి కాదు, అలవాటు. అలవాటు మళ్ళీ వస్తుంది. ఎలా వస్తుందో పాలకేంద్రం తాతగారి మనవణ్ణి చూస్తే తెలుస్తుంది.

వాడు డిగ్రీ రెండో ఏడులో ఇంగ్లీషు పేపరు రెండుసార్లు తప్పి, ఉద్యోగాల పేజీ చూసుకోవడానికి రీడింగ్ రూముకి వచ్చేవాడు. పేరా చదవమంటే గడగడా చదివేవాడు, ఏముందిరా అంటే చెప్పలేకపోయేవాడు. మీ తాతయ్య వాణ్ణి పట్టుకున్నారు. వినాయక చవితి మర్నాడు మొదలుపెట్టారు. మొదటిరోజు ఆరు పేజీల కథ ఒకటి, పక్కన ఒక చీటీ ఇచ్చి, మనసు పక్కకి పోయిన ప్రతిసారీ చీటీ మీద చుక్క పెట్టమన్నారు. నాలుగో నిమిషానికే మొదటి చుక్క పడింది. పది నిమిషాలకి ఏడు చుక్కలు. తాతయ్య తిట్టలేదు, చీటీ మీద తేదీ వేసి దాచారు.

వారమంతా అదే కుర్చీ, అదే వేళ, పదే నిమిషాలు. మొదటి పేజీ పైకి చదవాలి, నోరు కదిలితే మనసు కూడా వస్తుందని. తక్కింది మనసులో చదువుకోవాలి. అయ్యాక పుస్తకం మూసి, ఇప్పటిదాకా ఏం జరిగిందో రెండు వాక్యాల్లో చెప్పాలి. చెప్పలేకపోతే ఆఖరి పేజీ ఒక్కటే మళ్ళీ చదవాలి, మొత్తం కాదు. మొత్తం మళ్ళీ చదవమంటే ఎవరికైనా విసుగే. పది నిమిషాల్లో చుక్కలు రెండుకి తగ్గితేనే పై వారం ఇంకో ఐదు నిమిషాలు. తగ్గకపోతే ఆ వారం పెంచడం లేదు.

మూడో వారంలో చెడింది. ఎవరో గొప్పగా చెప్పారని 600 పేజీల చారిత్రక నవల తీసుకెళ్ళాడు. మొదటి ఇరవై పేజీల్లోనే పాతిక పేర్లు, రెండు రాజ్యాలు. ఎనిమిదో రోజున ఆపేశాడు, ఆ తర్వాత తొమ్మిది రోజులు ఇటు రాలేదు. రానందుకు సిగ్గు, ఆ సిగ్గు వల్ల మళ్ళీ రాకపోవడం. (ఇది నీకు చెప్పాలనే ఇంత రాస్తున్నానేమో.) తాతయ్యే పాలకేంద్రం దగ్గరికి వెళ్ళి, "నవల ఎక్కడికీ పోదురా, దాని రోజు వస్తుంది" అని కథల పుస్తకం చేతిలో పెట్టి వచ్చారు. పుస్తకం ఎంచుకోవడానికి కొలత కూడా చెప్పారు. మధ్యలో ఒక పేజీ తెరిచి చదువు, తెలియని మాటకొక వేలు ముడువు. ఐదు వేళ్ళూ ముడుచుకుంటే ఇప్పటికి అది వద్దు. ఒకటో రెండో ముడుచుకుంటే నీ పుస్తకమే. అసలు ఒక్కటీ ముడవకపోయినా హాయిగా చదువుకో, అలవాటు నిలబడేవరకు అదే మేలు. పేర్లు ఎక్కువున్న నవలకి ముందే ఒక చీటీ పెట్టుకుని, ఎవరు ఎవరికి ఏమవుతారో రాసుకుంటూ పో.

సంక్రాంతికి 40 నిమిషాలు కదలకుండా కూర్చున్నాడు. ఇంగ్లీషు పేపరూ గట్టెక్కింది. కానీ నేను చెప్పాలనుకున్నది అది కాదు. ఆ ఎండాకాలం వాళ్ళ గేదెల బీమా కాగితాలు వాడే చదివాడు. అంతకుముందు అందరూ సంతకం పెట్టి ఇచ్చేసేవాళ్ళు. సన్న అక్షరాల్లో, చెవికి ట్యాగు లేని పశువుకి క్లెయిము రాదని ఉంది. దొడ్లోకి వెళ్ళి చూస్తే ఒక గేదెకి ట్యాగు ఊడిపోయి ఉంది. వెంటనే పశువుల ఆసుపత్రికి తోలుకెళ్ళి కొత్తది వేయించి, నంబరు కాగితాల్లో ఎక్కించారు. నాలుగు నెలలకి అదే గేదె చనిపోయింది. బీమా డబ్బులొచ్చాయి. ఆ రాత్రి వాళ్ళ నాన్న వచ్చి మన అరుగు మీద చాలాసేపు కూర్చున్నాడు.

చదివితే ఏమొస్తుందని మీ వయసువాళ్ళు అడుగుతారు. మార్కులని చెప్పి ఊరుకోవడం నాకిష్టం లేదు. 1988లో అమెరికాలో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకి బేస్‌బాల్ ఆట గురించి ఒక పేజీ ఇచ్చి చదివించారు. చదవడంలో వెనకబడినా ఆట బాగా తెలిసిన పిల్లలు, చదవడంలో చురుకైనా ఆట తెలియని పిల్లలకన్నా బాగా అర్థం చేసుకున్నారు. అంటే చదివి తెలుసుకున్నదే తర్వాతి చదువుని తేలిక చేస్తుంది. పేరుకునే కొద్దీ పేరుకుంటుంది. కొత్త మాట కూడా ఒక్కసారికి పట్టుబడదు, నాలుగు చోట్ల నాలుగు రకాలుగా ఎదురుపడితేనే నీదవుతుంది. వీడియోలో విన్నది ఎందుకు నిలవదంటే, అది నీ కోసం ఆగదు. పుస్తకం ఆగుతుంది.

ఫోన్లో చదివితే తప్పా అని నువ్వు అడుగుతావు. కథలకి తప్పు లేదు. 2018లో 54 పరిశోధనల్ని, 1,70,000 మందికి పైగా పాఠకుల్ని కలిపి చూశారు. సమాచారం చదివినప్పుడు, అందులోనూ ఇంత టైములోపు అని గడువు పెట్టి చదివించినప్పుడు, కాగితం మీద చదివినవాళ్ళకే ఎక్కువ అర్థమైంది. కథల్లో ఆ తేడా కనబడలేదు. అందుకని సబ్జెక్టు నోట్సు మాత్రం ప్రింటు తీయించుకో. డబ్బులు నేను వేస్తాను, పేజీకి రూపాయో రెండో చూసుకోకు.

హితబోధ చేయకూడదనే మొదలుపెట్టాను, అయినా రాస్తాను. రాత్రి పదిన్నరకి ఫోను మంచానికి దూరంగా, బీరువాలో ఛార్జింగు పెట్టు. అలారం కోసం ఫోను కావాలనకు, చిన్న గడియారం పెట్టెలో వేస్తున్నాను. దీపం ఎడమ భుజం వెనకనుంచి పడాలి. పడుకుని చదవకు, నిద్ర ముంచుకొస్తే అది పుస్తకం తప్పనుకుంటావు. మన కొల్లిపర కాలువలో 1935లో పాతూరి నాగభూషణంగారు పడవలో గ్రంథాలయం నడిపారు, ప్రయాణంలో చదువుకోవడానికి. పడవ నెమ్మదిగా పోతుంది, చేతికి వేరే పని ఉండదు, చదువుకి అదే తగిన చోటు. నీకు మెట్రో ఉంది. పోను ఇరవై, రాను ఇరవై నిమిషాలు. ఫోను బ్యాగు అడుగున వేసి, పుస్తకం పైన పెట్టుకో.

మీ కాలేజీ లైబ్రరీలో ఇంజినీరింగు పుస్తకాలుండే 621 నంబరు అర దగ్గరే ఆగిపోకు, తెలుగు సాహిత్యం 894.827 నంబరు దగ్గర ఉంటుంది, అడుగు. అక్కడ లేకపోతే చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్ళు. ఇంటిపన్ను కట్టే ప్రతివాళ్ళూ రూపాయికి 8 పైసలు గ్రంథాలయాలకి కడుతున్నారు, మొహమాటపడకు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు దొరుకుతాయి. కొనేముందు నడిమి పేజీలు, ఆఖరి పేజీలు ఉన్నాయో లేదో తిప్పి చూడు. ఒంటరిగా వెళ్ళకు. సగంలో నచ్చకపోతే ఆపేయ్, పాపమేమీ లేదు. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం ఉంటుందన్నారు గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్‌గారు 1931లోనే. నీది ఇంకా నీ చేతికి రాలేదంతే.

ఇంకొకటి. చదువుతుంటే వరసలు కలిసిపోతున్నాయా? సాయంత్రానికి తలనొప్పి వస్తోందా? కళ్ళు చూపించుకుని రెండేళ్ళయింది. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకో, 12కి తగ్గితే ఒంట్లో ఓపికా ఉండదు, దృష్టీ నిలవదు. హాస్టల్లో ఆకుకూర వడ్డించరని తెలుసు, నువ్వు వడ్డించినా తినవనీ తెలుసు.

కన్నూ రక్తమూ బాగానే ఉండి, రెండు వారాలకి పైగా పుస్తకమనే కాదు, పాటలు, స్నేహితులు, తిండి ఏదీ రుచించకపోతే అది చుక్కల చీటీతో తీరేది కాదు. మాతో చెప్పు. మాతో చెప్పలేనిదైతే 14416కి చెయ్యి, టెలీ మానస్ అని మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన ఫోను, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. ఎవరితో ఏం చెప్పావని నేనూ నాన్నా అడగం. మార్కులు తగ్గాయేమోనని నువ్వు దాస్తుంటే, నాన్న ఆ సంగతి ఎత్తనని మాటిచ్చారు. నేను పక్కనే ఉన్నాను.

రేపు పెట్టె పంపుతున్నాను. 17 కాదు, మూడే. రెండు సన్నటి కథల పుస్తకాలు, మూడోది టికెట్టు ఉన్నది. సున్నుండలు డబ్బాలో ఉన్నాయి, వారంలో తినెయ్, పక్కగది అమ్మాయికీ పెట్టు. కరివేపాకు పొడి సీసా మూతకి టేపు వేశాను. పార్శిల్ నంబరు నాన్న మెసేజి పెడతారు, ఆధార్ కార్డు తీసుకెళ్ళు.

అతికించిన పుస్తకం రెండు రోజులు రుబ్బురోలు పొత్రం కింద ఉంచాను, పట్టింది. అయినా ఒక్కసారిగా మధ్యకి తెరిచి వెనక్కి విరవకు, వెన్ను మళ్ళీ పగులుతుంది. బల్ల మీద నిలబెట్టి, ముందునుంచి నాలుగు కాగితాలు, వెనకనుంచి నాలుగు కాగితాలు వేలితో మెల్లగా నొక్కుతూ లోపలికి రా. 64 దాకా వచ్చేసరికి దానంతటదే తెరుచుకుని ఉంటుంది.

మీ అమ్మ

తా.క. అందగానే ఫోను చెయ్యి. రాత్రి ఎంతైనా ఫర్వాలేదు, నేను మెలకువగానే ఉంటాను.